ధారాగుండె

ఆ కాలంలో బస్సుల్లో, బజార్లలో ఎడమ మణికట్టుకు ఆకుపచ్చ పట్టీ కట్టుకున్నవాళ్లు అక్కడక్కడా కనిపించేవారు. పట్టీ మీద తెల్లటి అక్షరాలు ఉండేవి: "నాడి చూడకండి. నేను బతికే ఉన్నాను."

2079 నాటికి కోస్తా జిల్లాల్లోనే అలాంటివాళ్లు పదకొండు వేలమంది. వాళ్ల ఛాతీలో పుట్టుకతో వచ్చిన గుండె లేదు. దాని చోట నిమ్మకాయంత లోహపు గోళం, ఆ గోళంలో అయస్కాంత బలంతో దేనికీ ఆనకుండా తేలుతూ తిరిగే చిన్న చక్రం. ఇంగ్లీషులో కంటిన్యువస్ ఫ్లో హార్ట్ అనేవారు. తెలుగు డాక్టర్లు దానికి ధారాగుండె అని పేరు పెట్టారు. మామూలు గుండె రక్తాన్ని దోసిళ్లతో తోడి పోసినట్టు పంపుతుంది. ఇది కుళాయి విప్పినట్టు ఎడతెగని ధారగా పంపుతుంది. అందుకే ఇది కొట్టుకోదు. ఛాతీకి చెవి ఆనిస్తే సన్నని జుమ్మనే చప్పుడు తప్ప మరేమీ వినిపించదు. మొదట్లో సొమ్మసిల్లి పడిపోయిన ఇద్దరు ముగ్గుర్ని చనిపోయారనుకుని శవాగారానికి తీసుకుపోబోయారు. ఆ తరువాతే పట్టీ తప్పనిసరి చేశారు.

ఎస్తేరు ఆ పట్టీ కట్టుకున్నప్పుడు ఆమెకు ముప్ఫై ఏళ్లు. బాపట్ల పిల్ల. పదిహేనేళ్లుగా విల్లు తప్ప మరో లోకం తెలియని మనిషి. దేశం తరఫున రెండుసార్లు ఆడింది. ఆ ఏడాది వానాకాలంలో జబ్బు మామూలు జ్వరంలాగే వచ్చింది. ఐదో రోజుకి మెట్లెక్కలేకపోయింది. తొమ్మిదో రోజుకి గుండె కండరం వాచి, తడిసిన గుడ్డలా చేవ చచ్చిపోయింది. గుంటూరులో ఆరుగంటల ఆపరేషన్ చేసి ఆ గుండె తీసేసి ధారాగుండె పెట్టారు.

మెలకువ వచ్చాక ఆమె మొదట అడిగింది డాక్టర్ వహీదానే. ధారాగుండెను తీర్చిదిద్దినవారిలో ఆవిడ ఒకరు. చేతిలో కత్తి పట్టిన డాక్టరూ, చక్రం లెక్కలు కట్టిన ఇంజనీరూ రెండూ ఆవిడే.

"మేడమ్, బాణం ఎప్పుడు వెయ్యొచ్చు?"

"ముందు దగ్గడం నేర్చుకో తల్లీ," అంది వహీదా, ఆమె ఛాతీ మీద చిన్న దిండు పెట్టి. "ఇది గట్టిగా హత్తుకుని దగ్గు. నీ రొమ్ము ఎముకని నిలువునా కోసి మళ్లీ అతికించాం. విల్లు లాగడమంటే ఆ అతుకుని రెండు వైపులా పట్టుకుని చీల్చడమే. ఆరు నెలలు ఆ మాటే ఎత్తకు."

ఎస్తేరు ఎత్తలేదు. కానీ రోజూ మంచం మీద పడుకుని ఎడమచెయ్యి కప్పువైపు చాపి, లేని విల్లుని పట్టుకుని ఉండేది. మూడు నిమిషాలు, నాలుగు నిమిషాలు.

ఏడో నెలలో వంశీ మాస్టారు ఆమె చేతిలో రబ్బరు పట్టీ పెట్టాడు. డెబ్భై ఏళ్లకు దగ్గరపడ్డ మనిషి, ఆమెకు పదిహేనేళ్లప్పటి నుంచి గురువు. రబ్బరు తరువాత పిల్లలు నేర్చుకునే వెదురు విల్లు, లాగడానికి పద్దెనిమిది పౌండ్ల బలం చాలేది. మొదటిసారి లాగినప్పుడు అతుకు దగ్గర మంటలాంటి నొప్పి లేచి ఆమె కళ్లు చెమర్చాయి. మాస్టారు చూసీ చూడనట్టు అటు తిరిగి గడ్డిలో బాణాలు వెతుక్కున్నాడు. ఇరవై రెండు పౌండ్లు, ఇరవై ఎనిమిది, ముప్ఫై నాలుగు. పదకొండో నెల చివర ఆమె తన పాత విల్లు, నలభై పౌండ్లది, మళ్లీ చేతిలోకి తీసుకుంది.

సూర్యలంక పోయే దారిలో జీడితోటల పక్కన వాళ్ల మైదానం. ఆ ఉదయం సముద్రపు గాలి కూడా పెద్దగా లేదు. ఎస్తేరు గీత మీద నిలబడి నారి గడ్డం దాకా లాగింది. డెబ్భై మీటర్ల దూరంలో, గురిపలక నడుమ పసుపు వలయం కదలకుండా నిలబడింది. జన్మలో ఎప్పుడూ అది అంత నిశ్చలంగా కనిపించలేదు. విల్లు రాతిలో చెక్కినట్టు ఉంది.

ఆమె వదలలేదు.

విల్లుకి క్లిక్కర్ అని ఒక సన్నటి రేకు ఉంటుంది. బాణం మొన ఆ రేకుని దాటి లోపలికి రాగానే అది టిక్కుమంటుంది. ఆ టిక్కుకి వేళ్లు విడిపోవాలి. ఎస్తేరు బాణం మొన రేకుకి రెండు మిల్లీమీటర్ల దూరంలో ఆగిపోయింది. ఆ రెండు మిల్లీమీటర్లు ఆమె లాగలేకపోయింది. చేతుల్లో బలముంది. కానీ 'ఇప్పుడు' అని లోపలినుంచి చెప్పేది ఏదో లేదు. పది సెకన్లు, ఇరవై సెకన్లు గడిచాయి. భుజం వణకడం మొదలైంది. నడుముకి కట్టుకున్న, ధారాగుండెను నడిపే చిన్న పెట్టె మెత్తటి గొంతుతో, "శ్రమ పెరిగింది. ప్రవాహం పెంచుతున్నాను," అంది.

ఆమె విల్లు దించేసింది.

"ఏమైందమ్మాయ్?"

"తెలీదు మాస్టారూ. ఎప్పుడు వదలాలో తెలీట్లేదు."

ఆ వారం, పై వారం, ఆ పై వారం కూడా అంతే. రోజుకి వంద బాణాలు ఎక్కుపెడితే పదో పన్నెండో వదిలేది. అవీ విసుగుతో వదిలినవి, ఎటో పోయేవి. ఇంటికొచ్చాక భోజనం దగ్గర కూర్చుని ముద్ద కలిపి నోట్లో పెట్టుకోవడం మరిచిపోయేది. 'పోయింది గుండె ఒక్కటే అనుకున్నాను, చెయ్యి కూడా పోయింది' అనుకునేది.

చివరికి వంశీ మాస్టారే ఆమెను గుంటూరు తీసుకెళ్లాడు. వహీదా అంతా విని, ఒకే ప్రశ్న వేసింది. "జబ్బుకి ముందు సాధన చేసేటప్పుడు నాడి కొలిచే సెన్సర్ ఏమైనా పెట్టుకునేదానివా?"

పెట్టుకునేది. తొమ్మిదేళ్ల రికార్డులు మాస్టారి దగ్గర పదిలంగా ఉన్నాయి. వహీదా వారం రోజులు వాటితో కూర్చుంది. తరువాత ఇద్దర్నీ పిలిచి తెర మీద ఒక గీత చూపించింది. కొండల వరసలాంటి గుండె గీత. ప్రతి రెండు కొండల మధ్య లోయలో ఒకే చోట వేల ఎర్రచుక్కలు, ఒకదాని మీద ఒకటి గుట్టపడి ఉన్నాయి.

"ఒక్కో చుక్క నువ్వు వదిలిన ఒక్కో బాణం," అంది వహీదా. "గుండె కొట్టుకున్నప్పుడల్లా భుజం వెంట్రుకవాసి అదురుతుంది. డెబ్భై మీటర్ల అవతల అది అరచెయ్యంత అవుతుంది. అందుకని నీ శరీరం, నీకు చెప్పకుండానే, రెండు చప్పుళ్ల మధ్య వదలడం నేర్చుకుంది. కొట్టుకోవడం అయ్యాక సెకనులో మూడో వంతు. ప్రతిసారీ అక్కడే."

"ఇప్పుడు అదురే లేదు కదా మేడమ్. ఎప్పుడు వదిలినా ఒకటే కదా?"

"అదే చిక్కు. ఎప్పుడైనా వదలొచ్చు గనక ఎప్పుడూ వదల్లేకపోతున్నావు."

ఎస్తేరు లేచి తెర మీది ఎర్రచుక్కల గుట్టను వేలితో తాకింది. తరువాత నెమ్మదిగా అంది, "అయితే నాకు కొట్టుకునేలా చెయ్యండి."

వహీదా మొదట ఒప్పుకోలేదు. చక్రం వేగాన్ని లయగా పెంచి తగ్గిస్తే నాడి పుడుతుంది, అది కష్టం కాదు. కానీ వైద్యపరంగా దాని అవసరం లేదు, బ్యాటరీ త్వరగా అయిపోతుంది, భుజం అదురు మళ్లీ వస్తుంది. "లోపం లేని యంత్రంలోకి కావాలని లోపం పెట్టమంటున్నావు," అంది.

"అది లోపం కాదు మేడమ్. నాది."

వహీదా పాత రికార్డుల్లోంచే లయ తీసింది. విల్లు పట్టుకున్నప్పుడు ఎస్తేరు గుండె నిమిషానికి యాభై ఎనిమిది సార్లు కొట్టుకునేది. పెట్టెలో ఆ లెక్క పెట్టి మీట నొక్కింది. ఎస్తేరు మెడ దగ్గర ఏదో లేచి పడింది. మళ్లీ లేచింది. ఏడాది తరువాత. ఆమె చెయ్యి గొంతు దగ్గర పెట్టుకుని ఆసుపత్రి కుర్చీలో వెక్కి వెక్కి ఏడ్చింది.

మర్నాడు మైదానంలో మొదటి బాణానికే క్లిక్కర్ టిక్కుమంది. బాణం పసుపు వలయానికి ఆనుకుని ఎరుపులో దిగింది. మాస్టారు చప్పట్లు కొట్టలేదు. టోపీ తీసి తల తుడుచుకున్నాడు.

ఆ తరువాతి ఏడాది ఎస్తేరు రాష్ట్రంలో గెలిచింది. దేశంలో గెలిచింది. విలువిద్య సమాఖ్య డాక్టర్ల కమిటీ అప్పటికే ధారాగుండెను పరిశీలించి, ప్రాణం నిలబెట్టే పరికరం కనక అభ్యంతరం లేదని తేల్చింది. ఇచ్చిన అనుమతిలో లయ సంగతి లేదు. అడిగినవాళ్లూ లేరు. పత్రికలవాళ్లు అడిగింది వేరు.

"నాడి లేకపోవడమే మీ రహస్యమా మేడమ్? అందరి చెయ్యీ అదురుతుంటే మీ ఒక్కరి చెయ్యే అదరదు కదా?"

ఆమె నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు ఫొటోలో పడింది. 'గుండె లేని విలుకత్తె' అని పెద్ద అక్షరాలు. పోటీల్లో ఎదురు నిలబడ్డవాళ్లు గీత దగ్గరికి వచ్చేసరికే ఆమె ఛాతీకేసి ఒకసారి చూసి పెదవులు తడుపుకునేవారు. ఆ చూపు పడిందంటే వాళ్ల మొదటి బాణం పక్కకి పోతుందని ఎస్తేరుకి అనుభవంలో తెలిసింది.

"చెప్పెయ్ తల్లీ," అనేది వహీదా, తనిఖీకి వెళ్లినప్పుడల్లా. "నీ కోసం కాదు. ఇది పదిమందికీ తెలియాల్సిన సంగతి. నేను వ్యాసం రాయాలన్నా నీ అనుమతి కావాలి."

"ఈ ఒక్క పోటీ అవనివ్వండి మేడమ్. మళ్లీ కమిటీ, మళ్లీ అనుమతులు... ఈ ఒక్కటీ."

వంశీ మాస్టారు తరువాతి పోటీకి పేరు నమోదు చేయించేవాడు. ఆయనకూ గెలుపులు చూడాలనే ఉంది.

అలా రెండేళ్లు గడిచాయి.

విశాఖలో ఆసియా జట్టు ఎంపిక పోటీలు. తొలిరోజు అందరూ డెబ్భై రెండేసి బాణాలు వేశారు. ఎస్తేరుది మొదటి స్థానం. నియమం ప్రకారం మొదటి స్థానంవాళ్లు చివరి స్థానంవాళ్లతో తలపడాలి. చివరి స్థానంలో ఉన్న పేరు చూసి ఆమె నమ్మలేదు. ధృతి. పార్వతీపురం అమ్మాయి, ఇరవై రెండేళ్లుంటాయి. కిందటేడు వరసగా రెండు పోటీల్లో ఎస్తేరుకి ఒక్క పాయింటు తేడాతో రెండో స్థానంలో నిలిచింది.

"ఆ అమ్మాయికీ ఆపరేషన్ అయ్యిందట," అన్నాడు మాస్టారు, ఆమె ముఖంలోకి చూడకుండా. "నీలాంటిదే. పదకొండు నెలలైందట."

గీత మీద ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. బాణానికి ఇరవై సెకన్లు. ఎస్తేరు వేసింది, పది పాయింట్లు. ధృతి నారి లాగింది. విల్లు రాతిలో చెక్కినట్టు నిలబడింది. గ్యాలరీలో ఎవరో అబ్బురంగా "అబ్బా" అన్నారు. గడియారంలో అంకెలు తగ్గుతున్నాయి. ఎస్తేరు అటు చూడకూడదు, కానీ చూసింది. బాణం మొన రేకుకి రెండు మిల్లీమీటర్ల ఇవతల ఆగి ఉంది. ఆ పిల్ల దవడ బిగిసింది, భుజం వణికింది, గంట మోగింది. సున్నా.

తొమ్మిది బాణాల్లో ధృతి వదిలినవి రెండే. ఎస్తేరు గెలిచింది. గెలిచాక ఎవరికీ చెయ్యి ఊపలేదు.

సామాన్లు పెట్టుకునే గుడారం వెనక నీడలో ధృతి ఒంటరిగా కూర్చుని ఉంది, విల్లు ఒళ్లో పెట్టుకుని. ఎస్తేరు వెళ్లి పక్కన నేలమీద కూర్చుంది.

"ఏం జబ్బు చేసిందమ్మా నీకు?"

ధృతి తలొంచుకుంది. "జబ్బేం లేదక్కా."

"మరి?"

"మంచి గుండే. ఇక్కడి డాక్టర్లు ఎవరూ ఒప్పుకోలేదు. ఏదో దీవిలో చేస్తారంటే అక్కడికి వెళ్లాను. మా అమ్మకి కూడా జబ్బనే చెప్పాను." ఆగి, గుక్క తిప్పుకుంది. "మీకన్నా ఒక్క పాయింటే కదా తక్కువ. ఆ అదురు పోతే చాలనుకున్నానక్కా."

ఎస్తేరు చూపు ఆ పిల్ల ఛాతీ మీద ఆగిపోయింది.

"మీకు ఎన్నాళ్లు పట్టిందక్కా, వదలడం రావడానికి? ఓపిక పడితే వస్తుంది కదూ? మీకు వచ్చింది కదా."

ఎస్తేరు ఆ పిల్ల కుడిచెయ్యి తీసుకుని రెండు వేళ్లూ తన దవడ కింద, మెడ పక్కన ఆనించింది. ధృతి ముందు అర్థంకానట్టు చూసింది. తరువాత కనుబొమలు ముడిపడ్డాయి.

"కొట్టుకుంటోంది," అంది.

"అవును."

"ఎప్పటినుంచి?"

"మళ్లీ పోటీలకి వచ్చినప్పట్నుంచీ. వదలడం నాకూ రాలేదమ్మా. ధారాగుండెకి ఈ లయ పెట్టించుకున్నాకే వచ్చింది. నిన్ను ఓడించిన రెండుసార్లూ ఇది కొట్టుకుంటూనే ఉంది."

ధృతి వేళ్లు అక్కడే ఉన్నాయి. గొంతు మాత్రం చిన్నదైపోయింది. "ఎవరికీ చెప్పలేదేం అక్కా?"

"మీరంతా నన్ను చూసి భయపడుతున్నారని తెలిసి."

మైకులో తరువాతి పోటీకి ఎస్తేరు పేరు పిలిచారు. ఆమె లేవలేదు.

"మిమ్మల్నే పిలుస్తున్నారు."

"పిలవనీ. ధృతీ, నీకూ పెట్టించొచ్చు. డాక్టర్ వహీదా గారని ఉన్నారు, ఇవాళే నేను మాట్లాడతాను. విల్లు పట్టుకున్నప్పుడు నీ గుండె ఎలా కొట్టుకునేదో అది కావాలి. రికార్డులు ఏమైనా ఉన్నాయా?"

ధృతి చెయ్యి వెనక్కి తీసుకుంది. "లేవక్కా. నేనెప్పుడూ కొలుచుకోలేదు. అది ఉందన్న ధ్యాసే ఉండేది కాదు."

మైకులో రెండోసారి పిలిచారు. ధృతి కళ్లు మూసుకుని, చూపుడువేలితో విల్లు కొయ్య మీద మెల్లగా కొట్టింది. ఒకటి, రెండు, మూడు. ఆగింది. తల అడ్డంగా ఊపి, ఈసారి కొంచెం నిదానంగా మొదలుపెట్టింది. "ఇలా అనుకుంటా... కాదు, కాదు. ఉండండక్కా," అని మళ్లీ మొదటినుంచి కొట్టసాగింది. ఎస్తేరు ఊపిరి బిగబట్టి వింటూ కూర్చుంది.