బంకు బోర్డు మీది ధర

“ఆ మనిషి రాడేమోనండీ! వచ్చినా మిషన్లు చూసి పెదవి విరుస్తాడేమో. పోనీ కొన్నాడే అనుకోండి, వ్యాను ఎక్కించేటప్పుడు ఎవరి కాలిమీదన్నా పడితే?”

పొయ్యి ఇంకా వెలిగించనే లేదు, ఇల్లాలు అప్పుడే ఇన్ని ఆపదలు ఊహించేసింది. ఇంటి ముందు గదిలో ఇనప భాగాలు చెక్కే లేతు షాపుకి షట్టరు దించిన రోజే ఆవిడ భర్త మాటలూ కట్టిపెట్టేశాడు. పనుల్లేక దుమ్ముపట్టిన ఆ లేతు మిషన్లని ఇవాళ ఇంకో షాపతను కొనుక్కుపోతానన్నాడు.

వద్దని అడ్డం తిరిగింది కూతురొక్కతే. ఆ పిల్ల ఉద్యోగం, ప్రాంతాలవారీగా పెట్రోలు ధరలు కనుక్కుని వారం వారం పటం వేసే ఆఫీసులో. సోమవారం వస్తే చాలు, చెవికి ఫోను అంటించుకుని బంకు బంకునీ పలకరిస్తుంది.

“పెట్రోలొచ్చే డిపో అందరికీ ఒకటే నాన్నా. గిరాకీ లేక మిగతా చోట్ల ధర తగ్గించేస్తున్నారు. ఏటి పక్క బంకుల్లో మాత్రం తగ్గించట్లేదు. అంటే అక్కడి ఫ్యాక్టరీలకి జనం మళ్లీ పనులకి పోతున్నట్టేగా? వాటికి భాగాలు చేసిచ్చే మనకీ పనొస్తుంది. కొన్నాళ్లు ఆగు,” అని పోరుతూనే ఉంది.

ఆ మాట విన్నప్పటినుంచీ తల్లికి ఒకటే బెంగ. ఈ బేరం తప్పిపోతే ఇంకొకడు దొరుకుతాడా? అందుకే ఏటి పక్క బంకు నడిపే తమ్ముడికి చాటుగా ఫోను చేసింది. “ఒరే, అది అడిగితే ధర తగ్గించానని చెప్పరా. పక్క బంకులవాళ్లతో చెప్పించు కూడా. దాని నోరు అదే మూతపడుతుంది.”

ఇప్పుడు ఆవిడ టీ గ్లాసులు కడుగుతూ ఉండగా కూతురు హెల్మెట్ చేత్తో పట్టుకునే లోపలికొచ్చింది. వెనకే తల్లి తమ్ముడు, తల దించుకుని.

“మావయ్య ఫోన్లో చెప్పిన ధర ఒకటి, బోర్డు మీద ఉన్నది ఇంకొకటి. అనుమానమొచ్చి వెళ్లి చూశాను. నువ్వే చెప్పించావటగా అమ్మా?”

“అవునే, నేనే! బోర్డులు చూసి ఇల్లు గడుపుతావా?”

“నన్ను నమ్మకపోతే పోనీ. నా చేత ఊరందరికీ అబద్ధం చెప్పించబోయావే! ఆ పటం చూసి ఎంతమంది ఏం నిర్ణయం తీసుకుంటారో తెలుసా?”

ఆ సంగతి తల్లికి తట్టనే లేదు. చేతిలో గ్లాసు పక్కన పెట్టేసింది. “భయమేసిందే తల్లీ...” అంది.

తమ్ముడు గొణిగాడు. “అక్క మాట కాదనలేకపోయానమ్మా. అసలు ధర తగ్గించే ఖర్మ నాకేంటి? పొద్దున్నే స్కూటర్లు రోడ్డు దాకా నిలబడుతున్నాయి. అంతా ఫ్యాక్టరీ షిఫ్టువాళ్లే. టీ తాగే తీరిక లేదు నాకు.”

బయట వ్యాను ఆగింది. కొనేవాడు చెప్పులు కూడా విడవకుండా గుమ్మంలోకొచ్చాడు. “కానివ్వండి సార్, ఇప్పుడే ఎక్కించేద్దాం.”

“బేరమాడినప్పుడు బజారు పడిపోయిందన్నారు. మరి ఇంత తొందరెందుకండీ?” అంది కూతురు.

“ఎక్కడమ్మా పడింది? ఏటి పక్క ఫ్యాక్టరీలోళ్లు పనుల కోసం చంపేస్తున్నారు, నా దగ్గరున్న మిషన్లు చాలక...” అని టక్కున ఆగి నాలిక్కరుచుకున్నాడు.

తల్లి కళ్లు తుడుచుకుంది. ఎప్పటిలాగే లోపల ఏవేవో ఆపదలు వరస కట్టాయి. వాటిని అలాగే ఉండనిచ్చి భర్త వైపు తిరిగింది.

“నాకు భయంగానే ఉందండీ. అయినా పిల్ల చెప్పింది నిజం. అమ్మొద్దు.”

ఆయన లేచాడు. షట్టరు కిర్రుమంటూ పైకెళ్లింది. పాతగుడ్డతో మిషను తుడిచాడు, నూనె చుక్కలు వేశాడు, స్విచ్చి నొక్కాడు. ముందు మూలిగింది, తర్వాత హాయిగా తిరిగింది. కూతురు హెల్మెట్ చంకలో పెట్టుకుని చప్పట్లు కొట్టేసింది.

ఆయన ఆ పిల్లని చూసి, గుమ్మంలో నిలబడ్డవాడి వైపు తిరిగి నోరు విప్పాడు.

“మిషన్లు ఇచ్చేది లేదు. నీ దగ్గర తెమలని పనేదో ఇటు పట్రావయ్యా. నేను చేసిపెడతాను.”