సరిదిద్దిన గుండె

ఆ అమ్మాయి వెల్లుల్లి ఒలుస్తోంది. ఒలిచిన రెబ్బలు గిన్నెలోకి, పొట్టు మాత్రం ఫ్యాను గాలికి గదంతా.

వంటింట్లోంచి వదిన మాటలు వినిపిస్తూనే ఉన్నాయి.

"ఆదివారం పూటైనా ఆ కంప్యూటర్‌ని వదిలావు, సంతోషం. గోళ్లతో కాదమ్మా, కత్తి వెనకవైపుతో ఒక్కటివ్వు, పొట్టు దానంతటదే ఊడుతుంది. మెకానికల్ ఇంజనీరింగ్‌లో రీసెర్చ్ చేస్తున్నావు, ఈ మాత్రం తెలియదా?"

అమ్మాయి నవ్వి ఊరుకుంది. వదిన రెండు మాటలన్నా, ఇరవై అన్నా ఆమె జవాబు అదే.

కాలింగ్ బెల్ మోగింది. తలుపు తీస్తే ఎదురుగా ఒక యువకుడు, చంకలో అట్టపెట్టె. మొహం చూస్తే పోట్లాటకే వచ్చినట్టున్నాడు.

"ల్యాబ్‌కి వెళితే తాళం వేసుంది. మీ ప్రొఫెసర్‌గారు ఈ అడ్రస్ ఇచ్చారు. నేను పిల్లల ఆస్పత్రిలో సర్జన్‌ని. మా పేషెంట్ పాప త్రీడీ మోడల్ ప్రింట్ చేసింది మీరేనా?"

"నేనేనండి. ఏమైంది?"

అతను పెట్టె తెరిచి, లోపలున్నది జాగ్రత్తగా బల్లమీద పెట్టాడు. పదేళ్ల పాప ఛాతీ, పొట్ట లోపలి భాగాలు, స్కాన్‌లో ఉన్నవి ఉన్నట్టు, రంగురంగుల ప్లాస్టిక్‌లో. గుండె ఎర్రగా, కాలేయం గోధుమరంగులో మెరుస్తున్నాయి.

"నా పేషెంట్ గుండెని ఎందుకు జరిపారండీ?"

"నేనా?"

"పాప గుండె కుడివైపుంటుంది. కాలేయం ఎడమవైపు. పుట్టుకతోనే లోపలున్నవన్నీ అద్దంలో చూసినట్టు అటుదిటు. వేలమందిలో ఒకరికి అలా ఉంటుంది. దానికి తోడు పిత్తనాళం ఉబ్బి తిత్తిలా తయారైంది. దాన్ని తీసేసి, మిగిలిన నాళాన్ని పేగుకి కలిపి కుట్టాలి. ఈ రెండూ ఒకే మనిషికి రావడం ఎంత అరుదో తెలుసా?"

అమ్మాయి మొహంలో రంగు మారింది.

"స్కాన్ ఫైలు మా సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చేటప్పుడు అప్పుడప్పుడు తిరగబడుతుందండి. గుండె కుడివైపు కనబడేసరికి అలాగే తిరగబడిందనుకున్నాను. అందుకని మిర్రర్ కొట్టి, కుడిని ఎడమ చేశాను."

"ఎవరినీ అడక్కుండానే?"

"తప్పు దిద్దాననుకున్నాను."

"మీరు దిద్దింది ఫైలుని కాదండీ, మనిషిని!"

వదిన గరిటె పట్టుకుని వచ్చింది.

"ఏమిటి బాబూ ఆ అరుపులు? గుండె అన్నాక ఎడమవైపే కదా ఉండేది? మా పిల్ల సరిగ్గానే పెట్టిందిగా!"

"ఈ పాపకి అలా కాదండి..."

"ఆ సంగతి ఫైలు పంపినప్పుడే చెప్పారా?"

డాక్టరు ఖాళీ పెట్టెని మూశాడు. "చెప్పలేదు."

"అదీ సంగతి! కూర్చోండి, మంచినీళ్లిస్తాను."

అతను కూర్చున్నాడు. కోపం ఎటు పోయిందో వెతుక్కుంటున్నవాడిలా బల్లవైపు చూశాడు, ఆ తర్వాత అమ్మాయివైపు.

"మళ్లీ ప్రింట్ చేసిస్తానండి. ఈసారి ఏమీ దిద్దను" అంది ఆమె.

"మీ జుట్టులో..." అని ఆగిపోయాడు.

"ఏమిటి?"

"ఏం లేదు. వెల్లుల్లి పొట్టు."

అతను వెళ్లాక వదిన తలుపు వేసి, గరిటె నడుముకి ఆనించి నిలబడింది. "ఒక్క వెల్లుల్లి పొట్టు చూడ్డానికి అంతసేపు పట్టిందా ఆ డాక్టరుకి?"

అమ్మాయి నవ్వి ఊరుకుంది. కానీ ఈసారి నవ్వు కాస్త ఆలస్యంగా వచ్చింది.

*

కొత్త మోడల్‌లో గుండె కుడివైపే ఉంది. దానితోపాటు మెత్తటి రబ్బరుతో చేసిన పిత్తనాళాలు కూడా ఆమె మెషీన్ మీదే తయారయ్యేవి. కుట్టు సరిగ్గా పడకపోతే నాళం చిరుగుతుంది, ఇంకోటి కావాలి. అందుకని డాక్టరు డ్యూటీ దిగగానే ల్యాబ్‌కే వచ్చి ప్రాక్టీస్ చేసేవాడు.

అతనిది ఎడమచేతివాటం. ఆస్పత్రిలో పెద్ద డాక్టరు దానికోసమే అతన్ని ఎన్నిసార్లు కోప్పడ్డారో లెక్కలేదు. ఇప్పుడు ఆయనే పిలిచి చెప్పారట. "ఈ పాపకి అన్నీ అటువైపున్నాయి కాబట్టి నీ చేయే అనువు. కానీ శుక్రవారం నా కళ్లముందు మోడల్ మీద చిరగకుండా కుట్టి చూపించాలి. లేదంటే పాపని వేరే ఊరు పంపిద్దాం. నువ్వు కూడా సర్జరీ వదిలేసి వేరే బ్రాంచి చూసుకో."

"అంత మాటన్నారా?" అంది అమ్మాయి.

"ఇంకా చాలా అన్నారు. మీకు సెన్సార్ చేసి చెప్పాను."

కుట్టు బాగానే పడేది. నీడిల్ హోల్డర్ అని, సూదిని పట్టుకునే కత్తెరలాంటి పనిముట్టు ఉంటుంది. పట్టు జారకుండా పిడుల దగ్గర చిన్న పళ్ల తాళం. ఆ తాళం విప్పేటప్పుడే ఏదో అయ్యేది. రబ్బరు నాళం పుటుక్కున చిరిగేది.

"ఛీ, ఈ చేతి బతుకే ఇంత!" అన్నాడు ఒకరోజు, నాలుగో నాళాన్ని పక్కన పడేసి.

"చేతిది తప్పు కాదండి" అంది అమ్మాయి.

అతను తలెత్తాడు. అడక్కుండా అతని పని గురించి ఆమె మాట్లాడటం అదే మొదటిసారి.

"ఆ తాళం కుడిచేతివాళ్ల కోసం చేసింది. వాళ్లు బొటనవేలితో అలా నెడితే చాలు, ఊడుతుంది. ఎడమచేత్తో అయితే మీరు వేలు మెలితిప్పి లాగాల్సి వస్తోంది. లాగినప్పుడల్లా సూది మొన ఎగురుతోంది."

డాక్టరు పనిముట్టుని కుడిచేతిలోకి మార్చి నొక్కి చూశాడు. తిరిగి ఎడమచేతిలోకి తెచ్చుకుని చూశాడు.

"ఇది ఎప్పుడు కనిపెట్టారు?"

"మీరు వచ్చిన మొదటిరోజే."

"మరి చెప్పలేదే?"

"మీరు అడగలేదు. అడక్కుండా దిద్దినందుకేగా ఆదివారం నాకు తిట్లు పడ్డాయి!"

అతను నవ్వు ఆపుకోలేకపోయాడు. "ఎడమచేతివాళ్ల హోల్డర్లు దొరుకుతాయండీ. తెప్పించమంటే పెద్దాయన ఒప్పుకోలేదు. పనిముట్టు కాదు, అలవాటు మార్చుకో అన్నారు."

ఆమె పనిముట్టు తీసుకుని కొలతలన్నీ కంప్యూటర్‌లో ఎక్కించింది. మౌస్ మిర్రర్ మీద పెట్టి, అతనివైపు తిరిగింది.

"ఈసారి అడుగుతున్నాను. కొట్టమంటారా?"

"కొట్టండి" అన్నాడు. అంటూ స్క్రీన్‌ని కాదు, ఆమెనే చూస్తున్నాడు.

వర్క్‌షాప్‌లో ఉక్కుతో చేయించిన ఆ హోల్డర్‌తోనే శుక్రవారం అతను పెద్ద డాక్టరు ఎదుట కుట్టి చూపించాడు. నాళం చిరగలేదు. ఆయన రెండుసార్లు లాగి చూసి, వెళ్లి, ఆస్పత్రికి అసలైన ఎడమచేతి సెట్టు తెప్పించమని సంతకం పెట్టారు.

ఆపరేషన్ రోజు అమ్మాయి ల్యాబ్‌లో ఒక్క పనీ చేయలేదు. సాయంత్రం ఫోన్‌కి మెసేజ్ వచ్చింది.

"పాప బాగుంది. గుండె ఇంకా కుడివైపే ఉంది."

*

ఆ తర్వాత ల్యాబ్‌లో అతను కూర్చునే బల్ల ఖాళీ అయింది. కుట్టేందుకు ఏమీ మిగల్లేదు. అమ్మాయి ఒకటి రెండుసార్లు ఫోన్ తీసి, ఏం రాయాలో తోచక లోపల పెట్టేసింది. ఆమె అన్నం కెలుకుతుంటే వదిన చూసింది. చూసి, విచిత్రంగా, ఏమీ అనలేదు.

ఒక వానరోజు డాక్టరు గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. తను నిలువునా తడిసి, అట్టపెట్టెని మాత్రం పొడిగా తెచ్చాడు.

"మోడల్ తిరిగిచ్చేద్దామని..."

"ల్యాబ్‌లో ఇచ్చేది ఇంటికి తెచ్చారేం?" అంది వదిన తువ్వాలు అందిస్తూ.

"ల్యాబ్ తాళం వేసుందండి."

"ఇవాళ బుధవారం బాబూ. మా పిల్ల ఇప్పుడే అక్కణ్ణుంచి వచ్చింది. ఈలోగా ఎవరు వేశారు తాళం?"

డాక్టరు తువ్వాల్లో మొహం దాచుకున్నాడు. అందులోంచే అన్నాడు. "పాప డిశ్చార్జ్ అయిపోయింది. అలాంటి కేసు మళ్లీ రావాలంటే ఎన్నేళ్లు పడుతుందో!"

"అయ్యయ్యో! రాకూడదని కోరుకోవాలి గానీ, డాక్టరై ఉండి అదేం పాడు కోరికండీ?"

"జబ్బు రావాలని కాదండీ! ఇక మీద నేను ఏ వంక పెట్టుకుని రావాలా అని."

అతను తువ్వాలు దించి అమ్మాయివైపు తిరిగాడు.

"మీరు మాట్లాడరు గానీ అన్నీ చూస్తారు. నా చేతిలో ఇబ్బందేమిటో మొదటిరోజే కనిపెట్టారు. మీరంటే నాకు ఇష్టమని కూడా కనిపెట్టే ఉంటారు."

ఆమె అవునన్నట్టు తలూపింది.

"నేను అడగలేదని ఊరుకున్నారు. అంతేనా? సరే, అడుగుతున్నాను. మీకూ ఇష్టమేనా?"

అమ్మాయి లేచింది. చెప్పులు వేసుకుంది. మేకుకున్న గొడుగు తీసుకుని వానలోకి నడిచింది.

"ఎక్కడికే? అడిగినదానికి జవాబు చెప్పవేం?" అని వదిన కేక.

"కోపం వచ్చిందంటారా?" డాక్టరు గొంతు పీలగా పలికింది.

ఇద్దరూ కిటికీ దగ్గరికి వెళ్లారు. గేటు దాటి ఆమె ఆగింది. వెనక్కి చూడలేదు. గొడుగు మాత్రం పక్కకి వంచి పట్టుకుంది. తన భుజం ఒకటి వానలో తడుస్తోంది. గొడుగు కింద ఇంకో మనిషి పట్టేంత చోటు పొడిగా, ఖాళీగా ఉంది.

"ఇంకా ఏం చూస్తున్నారు డాక్టరుగారూ? దీనికి కూడా స్కాన్ తీయించాలా?" అంది వదిన.

డాక్టరు తువ్వాలు వదిన చేతిలో పెట్టేసి, గుమ్మం దాటి ఆ గొడుగువైపు పరుగెత్తాడు.