మా ఇంట గుడ్డు ముట్టం

ఏది ముందు, ఏది తరవాత అన్నది నేను తారుమారు చెయ్యవచ్చు. ఈమధ్య నాకు నిన్న తిన్న కూర గుర్తుండటం లేదు, నలభై ఏళ్ళ కిందటి చీర అంచు మాత్రం కళ్ళకి కడుతోంది. జరిగింది మాత్రం జరిగిందే. వరస ఒక్కటే నమ్మకండి.

ఇది మా చెల్లెలు బాలసరస్వతి సంగతి. ఆమదాలవలసలో స్టేషనుకి రెండు వీధుల ఇవతల దాని ఇల్లు. మగడు గుళ్ళో అర్చకత్వం చేసి, ఉన్నన్నాళ్ళూ మడీ ఆచారమూ నడిపి పోయాడు. తల్లి లేని మనవరాలు మహతిని తనే పెంచింది. ఆ ఇంట్లో ఉల్లిపాయ వాసనే అరుదు. ఫ్రిజ్ కొన్నప్పుడు దాని తలుపులో పన్నెండు గుంటల పళ్ళెం ఒకటి వచ్చింది. అది దేనికో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. బాలసరస్వతి కడిగి, పసుపునీళ్ళు చల్లి, అందులో నిమ్మకాయలు పెట్టింది.

మహతికి ఇరవై మూడో ఏట మెడ దగ్గర గడ్డ తేలింది. విశాఖపట్నంలో చూపిస్తే క్యాన్సరన్నారు, మందెక్కిస్తే పోతుందనీ అన్నారు. "ఆసుపత్రి నుంచి ముఖ్యమైన ఫోను వస్తుంది అమ్మమ్మా, నాకియ్యి," అని చెప్పి పిల్ల జ్వరంతో పడుకుంది. ఫోను వచ్చింది. లేపడానికి మనసొప్పక బాలసరస్వతే ఎత్తింది.

"అమ్మా, నాను శైలజనండి, ఆసుపత్రి నుంచి సేత్తన్నాను. పాప గుడ్లు దాయించాలా వద్దా? బేగి సెప్పాలండి."

"గుడ్లా! మా ఇంట గుడ్డు ముట్టమమ్మా! పాలూ పప్పూ పెడుతున్నాం," అని ఠక్కున పెట్టేసింది.

సాయంత్రం ఈ మాట విని మహతి జ్వరంలోనే పొట్ట పట్టుకుని నవ్వింది. "తినే గుడ్డు కాదు అమ్మమ్మా! మళ్ళీ చేస్తారులే," అంది. తరవాత ఏ పెళ్ళిలో నలుగురు చేరినా ఈ కథ పడాల్సిందే. జుట్టు ఊడిన తలకి రుమాలు కట్టుకుని, శైలజ గొంతూ అమ్మమ్మ గొంతూ మార్చి మార్చి మహతే చెప్పేది. అందరూ నవ్వేవాళ్ళు. బాలసరస్వతి కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

అది నవ్వు కాదు. ఎందుకంటే ఆ మొదటి ఫోను మర్నాడే రెండో ఫోను వచ్చింది.

"తినే గుడ్డు కాదండి అమ్మా," అని శైలజ ఓపిగ్గా మొదలుపెట్టింది. "ఆడపిల్ల కడుపులో ఉంటాయి కదండీ, అవి. ఈ మందుకి మాడిపోవచ్చు. స్కానింగులో పదకొండు దాకా అవుపించినాయి. పది పన్నెండు రోజులు సూదులేసి, మత్తిచ్చి తీసి, సలిలో దాత్తాం. రేపు పెళ్ళయినాక పిల్లలు కావాలంటే ఉంటాయి. ఆ పన్నెండు రోజులు మందు ఆగినా పరవాలేదని డాక్టరుగారు సెప్పినారు. పాపనడిగి సెప్పండి."

ఈసారి బాలసరస్వతికి ప్రతి అక్షరం అర్థమైంది. పెళ్ళి కాని పిల్ల. సూదులు. ఎవరో ఎక్కడినుంచో తియ్యడం. వీధిలో ఎవరైనా అడిగితే ఏం చెప్పుకోవాలి? చెవులు వేడెక్కిపోయాయి.

"అడిగానమ్మా," అంది. "వద్దంది."

"ఒకపాలి నాను పాపతోటి మాటాడతానండి…"

"పడుకుంది. చెప్పాను కదా, మా ఇంట ముట్టం."

అదే మాట. కాని నిన్నటిది పొరపాటు. ఇవాళ్టిది కాదు.

మహతి లేచాక, "మళ్ళీ చేశారా?" అని అడిగింది.

"చేశారమ్మా. ఇప్పుడు వ్యవధి లేదుట, మందు వెంటనే మొదలెట్టాలిట."

"పోనీలే. ముందు బతకాలి కదా," అంది పిల్ల.

బతికింది. నాలుగేళ్ళు గడిచాయి. జుట్టు వచ్చింది, బడిలో పంతులమ్మ ఉద్యోగం వచ్చింది. అదే బళ్ళో లెక్కలు చెప్పే దీక్షిత్, సంగతంతా తెలిసీ పెళ్ళాడతానన్నాడు. నెలసరి మాత్రం తిరిగి రాలేదు. ఇద్దరూ కలిసి ఆ ఆసుపత్రికే వెళ్ళి పాత కాగితాలు తీయించి, ఏమైనా దారి ఉందేమో అడుగుదామనుకున్నారు. మర్నాడు పొద్దున్న రైలు.

ఆ కాగితాల్లో 'వద్దన్నారు' అని రాసి ఉంటుంది. బాలసరస్వతికి ఆ మాట తెలుసు. చెబితే ఆ సాయంత్రమే చెప్పాలి. పిల్ల బడి నుంచి రాగానే చెప్పేద్దామని మధ్యాహ్నం నుంచి మాటలు కూడబలుక్కుంటోంది. కూడబలుక్కున్నదల్లా మళ్ళీ మరిచిపోతోంది.

కళింగపట్నం వైపు వాయుగుండం. నాలుగింటికే ఇల్లు చీకటి పడింది. ఈదురుగాలికి పెరట్లో రేకు టపటపా కొట్టుకుంటోంది. ఐదింటికి కరెంటు పోయింది. ఫ్రిజ్ ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయింది. ఇల్లంతా తడి మట్టి వాసన. దాని అడుగున ఇంకో వాసన… ఆసుపత్రిలో సూది ముందు దూదితో రాస్తారే, ఆ స్పిరిట్ వాసన. వంటింట్లోంచి.

దీపం వెలిగించి వెళ్ళింది. నేల మీద నిమ్మకాయలు ఉన్నాయి. దొర్లిపోయి లేవు. ఎవరో ఎంచి పెట్టినట్టు గోడ వారగా వరసలో ఉన్నాయి.

ఫ్రిజ్ తలుపు జానెడు తెరుచుకుని ఉంది.

కరెంటు లేదు. అయినా అందులోంచి చలి వస్తోంది. పాదాల మీదుగా పాకి, మోకాళ్ళ దాకా… దీపం తగ్గిపోయింది. మూద్దామని చెయ్యి పెట్టింది.

"తాతమ్మా…"

చెయ్యి ఆగిపోయింది. మునిమనవలు పిలిచే ఆ వరసతో తనని పిలవడానికి ఈ లోకంలో ఎవరూ లేరు.

"తాతమ్మా…" ఇంకో గొంతు. పక్కనే ఇంకోటి. సన్నగా, తడిగా, నిద్రలో పలవరించినట్టు.

తలుపు తీసింది. పళ్ళెంలో గుంటలు తెల్లగా ఉన్నాయి. ఒక్కో గుంటలో గుండ్రంగా మంచు పేరుకుంది. లోపల ఏదో… కదులుతోంది. ఊపిరి తీసినప్పుడు ఛాతీ కదిలినట్టు. వేలితో లెక్కపెట్టింది. పది. మళ్ళీ లెక్కపెట్టింది. పదకొండు. చివరి గుంట ఒక్కటే ఖాళీ.

"మమ్మల్ని ముట్టవా… తాతమ్మా?"

తను అన్న మాటే. తన గొంతులో అన్న మాటే.

"ముట్టరా… మమ్మల్ని?"

"ముట్టుకుంటానమ్మా," అంది బాలసరస్వతి. పారిపోవాలనుంది. అయినా మొదటి గుంట మీద వేలు పెట్టింది. మంచు మెత్తగా లొంగింది. లోపల్నుంచి ఏదో ఆ వేలిని పట్టుకుంది. చిన్న పిడికిలి. పసిపిల్లలు పట్టుకున్నట్టే, గట్టిగా.

"పేరు…" అంది ఆ గుంటలోని గొంతు.

మా ఇళ్ళల్లో బారసాలనాడు పళ్ళెంలో బియ్యం పోసి ఉంగరంతో పేరు రాస్తాం. బాలసరస్వతి ఎడంచేత్తో డబ్బా లాగి, నేల మీదే బియ్యం కుమ్మరించింది. కుడిచెయ్యి వాళ్ళు వదల్లేదు. ఎడంచేతి వేలితో ఒక పేరు రాసింది. పిడికిలి విడిచింది. రెండో గుంట. రెండో పేరు. రాసినవన్నీ తెల్లారేసరికి మరిచిపోతానని దానికి భయం. గోడ మీది కేలండరు కాగితం చింపి, ప్రతి పేరూ పెన్సిలుతో ఎక్కించుకుంది. అనసూయ. సోమనాథం. చిన్నారి రాజ్యలక్ష్మి. మా అమ్మ పేరు, మా నాన్న పేరు, పురిట్లోనే పోయిన మా తమ్ముడికి పెడదామనుకున్న పేరు… పదకొండూ అయ్యాయి.

"అమ్మకి… చెప్పావా?" అన్నాయి పదకొండు గొంతులూ ఒక్కసారే.

వీధి తలుపు చప్పుడైంది.

మహతి గొడుగులోంచి నీళ్ళు కారుతుండగా వంటింటి గుమ్మంలో నిలబడింది. "అదేమిటే అమ్మమ్మా, బియ్యం అంతా పారబోశావు? ఆ వేళ్ళేమిటి, అలా నీలంగా…"

"వాళ్ళు వ్యవధి లేదనలేదమ్మా," అంది బాలసరస్వతి. నేల మీంచి లేవకుండానే అంది. "ఆగొచ్చన్నారు. నేనే వద్దన్నాను. నువ్వు వద్దన్నావని చెప్పాను. సిగ్గేసి."

రేకు రెండుసార్లు కొట్టుకుంది. మహతి గొడుగు ముడిచి గోడకి ఆనించింది.

"ఎన్నున్నాయన్నారు?"

"పదకొండు."

"ఇన్నాళ్ళూ ఆ కథ నాచేత చెప్పించావు," అంది మహతి నెమ్మదిగా. "నలుగురిలోనూ. నేను చెబుతుంటే పక్కన కూర్చుని నవ్వావు."

బాలసరస్వతి కేలండరు కాగితం మడిచి కొంగున కట్టుకుంది.

"ఆ రోజు ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరు."

ఆ రాత్రి మా చెల్లెలు చెప్పిన అబద్ధం అదొక్కటే. నేనున్నాను. విజయనగరం నుంచి పిల్లని చూడటానికి వచ్చి, చెల్లెలి పక్కనే మంచం మీద కూర్చున్నాను. ఫోను గట్టిగా వినబడుతోంది, అంతా నేనూ విన్నాను. చెల్లెలు నా వైపు చూసింది. ఏం చెప్పమంటావక్కా, అన్నట్టు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. అంతే చేశాను. తరవాత పెళ్ళిళ్ళలో ఆ కథకి అందరికన్నా పెద్దగా నవ్వింది నేనే.

మర్నాడు మహతీ దీక్షితూ రైలెక్కారు. వచ్చాక ఏమన్నారని నేను అడగలేదు. నాకేం మొహం ఉంది? మహతి ఇప్పుడు అమ్మమ్మకి వేళకి అన్నం పెడుతుంది, మందులిస్తుంది. ఆ కథ మాత్రం చెప్పదు.

చెల్లెలు జరిగిందంతా ఫోనులో చెప్పి, కేలండరు కాగితం నాకు పంపేసింది. "నీ దగ్గరుంచక్కా, నేను మరిచిపోతాను," అంది. అందుకే ఇదంతా రాశాను.

ఒరే దత్తూ, నీ కళ్ళు మంచివి. ఈ అమ్మ కోసం ఈ పేర్లు ఒక్కసారి సరిచూడు నాయనా. పదకొండే రాశానని మీ పిన్ని ఒట్టేసి చెబుతోంది. నేనెన్నిసార్లు లెక్కపెట్టినా పన్నెండు వస్తున్నాయి. ఆ చివరిది పెన్సిలు కాదు, ఏదో తడి. ఇప్పుడిప్పుడే అక్షరాలు దిద్దుకునే పిల్లలు రాసినట్టు వంకరగా ఉంది. నాకు చదవబుద్ధి కావడం లేదు.

చదివి, అది నా పేరు కాదని చెప్పు చాలు.