ఆపరేషన్ ఫ్రీ యాంటీవైరస్

"మన కంప్యూటర్ ఎక్స్‌పర్ట్‌ని పొద్దున్నే లారీతో గుద్ది చంపేశారు!" ఇయర్‌పీస్‌లో చీఫ్ నరసింహమూర్తి అరిచాడు.

యూపీఎస్ మెకానిక్ వేషంలో సంగారెడ్డి లైబ్రరీలో ఉన్న ఏజెంట్ నిఖిలేష్ స్క్రూడ్రైవర్ పక్కన పడేశాడు.

"స్కూళ్లకీ లైబ్రరీలకీ వచ్చిన ఫ్రీ యాంటీవైరస్ విదేశీ ముఠాది. మధ్యాహ్నం రెండు గంటల సైరన్‌కి ఆ కంప్యూటర్లన్నీ కలిసి పటాన్‌చెరు కెమికల్ ఫ్యాక్టరీ కంట్రోల్‌రూమ్ మీద దాడి చేస్తాయి. గ్యాస్ వాల్వులు తెరుచుకుంటాయి. ఆపు!"

ఏళ్లతరబడి ఒక్క అప్‌డేట్ ఎరుగని మెషిన్లు. ఇల్లు అంటుకున్నాక బావి తవ్వడం మనకేమీ కొత్త కాదు! నిఖిలేష్ ఫోన్‌లో జిల్లా మ్యాప్ తెరిచాడు. వైరస్ సోకిన ప్రతి మెషినూ ఎర్రచుక్కై మెరుస్తోంది.

నల్లకళ్లద్దాల అందగత్తె దగ్గరికొచ్చింది. "అట్లాస్ ఉందా?"

"చెదలు తిన్నాయి."

కోడ్ కలిసింది. ముఠాలో ఉంటూ మనకు పనిచేసే డబుల్ ఏజెంట్ దీప్తి! ఆమె లిప్‌స్టిక్‌లోంచి పెన్‌డ్రైవ్ తీసింది. "వైరస్‌ను చంపే కిల్‌కోడ్. జల్దీ పెట్టు. మా తమ్ముడు గా ఫ్యాక్టరీలనే ఉన్నడు."

పెట్టాడు. యాక్సెస్ డినైడ్! ముఠా కోడ్ మార్చేసింది.

దీప్తి ఏడ్చేసింది. "ఫోన్లు గేటు కాడనే గుంజుకుంటరు. వానికి ఎట్ల చెప్పాలె?"

"చీఫ్, కరెంట్ తీయించండి!"

"తీస్తే ఫ్యాక్టరీ సేఫ్టీ పంపులూ ఆగిపోతాయి. హెడ్మాస్టర్ల గ్రూపులో సెక్యూరిటీ అలర్ట్ పెట్టించాం, కంప్యూటర్లు ఆపమని. అందరూ దండం బొమ్మలు పంపారు."

ఒక్క చుక్కా ఆరలేదు. నిఖిలేష్ తల పట్టుకున్నాడు.

అప్పుడే వచ్చింది లైబ్రేరియన్ రుక్మిణి. కంప్యూటర్ ముందు వీళ్లిద్దరినీ చూసి హడలిపోయింది. "ఇన్‌స్పెక్షనా సార్? జెర ముందుగాల చెప్పొద్దా!" అంటూ ప్లగ్గులు పీకి, మెషిన్లకి కవర్లు కప్పేసింది.

"ఎందుకమ్మా?"

"సక్కగ నడుస్తలేవని తెలిస్తే మమ్మల్నే సంజాయిషీ అడుగుతరు. కప్పి తాళమేస్తే ఎవ్వరడగరు."

నిఖిలేష్ ఎగిరి గంతేశాడు. "చీఫ్! ఇంకో మెసేజ్ పెట్టించండి. కంప్యూటర్ ల్యాబుల తనిఖీకి రాష్ట్ర బృందం బయల్దేరిందని!"

వెలిమెలలో చుక్క ఆరింది. పటాన్‌చెరులో గుంపులు గుంపులుగా ఆరాయి. కంది దగ్గర ఒక్కటి మాత్రం మొండిగా వెలుగుతోంది. దీప్తి కళ్లు మూసుకుంది. సైరన్ మోగింది. ఆఖరి చుక్క ఆరిపోయింది!

కాసేపటికి దీప్తి ఫోన్ మోగింది. "ఏందక్కా, గిన్నిసార్లు చేసినవ్? ఇప్పుడే బయటికొచ్చిన." ఆమె ఫోన్ చెవికి ఆనించుకుని అలాగే కూలబడింది.

మరునాడు వైరస్ తీయడానికి చీఫ్ పంపిన అసలు బృందం నిజంగానే బయల్దేరింది. ఏ స్కూల్లోనూ ల్యాబ్ తాళంచెవి దొరకలేదు.