ఎమ్మిగనూరులో రెజీనా బియాంకా

కర్నూలులో ఒక ఉగ్గాని హోటలు మేడ మీద ‘పంటల బీమా సలహాలు’ అని బోర్డుంటుంది. సలహా కోసం మెట్లెక్కిన రైతు ఇంతవరకూ లేడు. ఒకందుకు అదే మంచిది. లోపల నడిచేది గూఢచారి శాఖ ఆఫీసు.

"ఇంజనీరు ఉమామహేశ్వరను ఎత్తుకుపోయినారు," అన్నాడు చీఫ్ దేవేంద్రప్ప. "మిసైల్ గైడెన్స్ కోడ్ ఆయన తలకాయలో తప్ప ఇంకెక్కడా లేదు. ఆ తలకాయ దేశం దాటితే మన పని గోవిందా."

ఏజెంట్ ఓబులేష్ తలూపాడు. పొద్దున్నే ఇంజనీరు భార్య శివలీల అతని చేతులు పట్టుకుని, "ప్రాణాలతో తెచ్చియ్యన్నా, అంతే సాలు," అని ఏడ్చింది. తెస్తానని మాటిచ్చేశాడు. ఎవరికీ మాటివ్వొద్దని ట్రైనింగ్‌లో నెత్తీ నోరూ కొట్టుకుని చెప్తారు. వింటేగా!

"సస్పెక్ట్ ఎవరు సార్?"

"కోబాల్ట్ రింగ్. ఫారిన్ ముఠా. ఎమ్మిగనూరులో ఎగ్జిబిషన్ పెట్టినారు. రెజీనా బియాంకా అని పాత ఇటలీ ఓడ బొమ్మంట."

"ఎమ్మిగనూరులో ఓడా? తాగే నీళ్లకే కరువు కద సార్!"

"అందుకే జనం ఎగబడి చూస్తాండారు. లోపల మన మనిషి ఉండాది, ప్రమీలారాణి. గైడు వేషం. నువ్వు ‘నేపుల్స్‌లో వానా?’ అని అడిగితే ‘ఏడెన్‌లో ఎండ’ అనాల." దేవేంద్రప్ప టార్చిలైటు ఒకటి ముందుకు తోశాడు. "హీట్ స్కానర్. గోడ అవతల మనిషున్నా ఎర్రగా చూపిస్తాది. పారేసుకోవద్దు, పోయినసారి పారేసినోనికి ఇంకా జీతంలో కోస్తాండారు."

మరునాడు ఎలక్ట్రీషియన్ వేషంలో ఓబులేష్ ఎమ్మిగనూరు కల్యాణ మండపంలో అడుగుపెట్టాడు. హాలు నిండా ఓడే! పన్నెండడుగుల కొయ్య మోడల్, రెండు పొగగొట్టాలు, తెల్లటి రంగు. పక్కన ఎర్ర పట్టుచీరలో ప్రమీలారాణి. ఆమె అందానికి సగం జనం ఓడను చూడటమే మర్చిపోయారు.

"మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక ఇటలీవాళ్లు కట్టిన ఓడ ఇది," ఆమె చెబుతోంది. "జెనోవాలో బయలుదేరి నేపుల్స్, పోర్ట్ సయీద్, ఏడెన్ మీదుగా బొంబాయికి వచ్చేది. లోపల పాలరాతి హాలు, ఈతకొలను, రాత్రంతా బ్యాండు. మన జమీందార్లు ఎక్కి, సూటు తొడుక్కుని దిగేవాళ్లు. 1935లో ముస్సోలినీ ప్రభుత్వం దీన్ని లాక్కుని అబిసీనియా యుద్ధానికి సైనికులను మోయించింది. మీరు చూస్తున్నది ఆ రూపమే. కింది వరుస కిటికీలన్నీ ఇనుప రేకులతో మూసేశారు. రెండో యుద్ధంలో శత్రువుకు చిక్కకూడదని కెప్టెనే ఎర్రసముద్రంలో ముంచేశాడు."

"నేపుల్స్‌లో వానా?" అన్నాడు ఓబులేష్.

"ఏడెన్‌లో ఎండ," అంది ఆమె, నవ్వుతూ.

ఓబులేష్ వంగి వైరు సరిచేస్తున్నట్టు నటించాడు. కింది వరుస చూశాడు. రేకుల్లేవు. కిటికీలన్నీ నిజం కన్నాలు! సైన్యం ఓడ అని ఇప్పుడే కదా చెప్పింది, మరి ఈ కన్నాలు ఎందుకు? టార్చి వేశాడు. దాని వెనకున్న చిన్న తెర మీద మనిషి ఆకారం ఎర్రగా వెలిగింది. ఆ కన్నాల్లోంచి లోపలి మనిషికి ఊపిరి అందుతోంది.

"మేడమ్, మనోడు ఓడలోనే ఉండాడు!"

ప్రమీలారాణి కనురెప్ప కదపలేదు. "శభాష్. కర్నూలు రోడ్డుకు పోలీసుల్ని పంపిస్తా. నువ్వు జనరేటర్ రూముకు పోయి కరెంటు తియ్యి."

వెళ్లాడు. వెనకనుంచి తలుపు గడియ పడింది. ఓరి దేవుడా! కిటికీలోంచి చూస్తే ఓడను వ్యానులోకి ఎక్కిస్తున్నారు. ముందు సీట్లో దర్జాగా ప్రమీలారాణి కూర్చుంది. అమ్ముడుపోయిన మనిషికే అన్నీ అప్పజెప్పాడు. సిగ్గుతో ముఖం మండిపోయింది.

ఫోన్ చేశాడు. "సార్, పోలీసులు యాడ?"

"కర్నూలు రోడ్డు మీద. ప్రమీలారాణే చెప్పె కద!"

వ్యాను పోయేది ఆ రోడ్డున కాదు. ముందు వీధి సంతతో కిక్కిరిసింది. వెనక నుంచి ఆదోని రోడ్డెక్కాలంటే మగ్గాల వీధి ఒక్కటే దారి. ఆదోని, ఆలూరు, ఆ పైన కర్ణాటక. పోలీసులు వెనక్కి తిరిగొచ్చేసరికి ఇంజనీరు సరిహద్దు దాటేస్తాడు. స్టీరింగ్ దగ్గర రంగన్న. మగ్గం వదిలి డ్రైవరైన ఆ వీధివాడే. ఓబులేష్ పుట్టిందీ అక్కడే.

మేనత్త హులిగెమ్మకు ఫోన్ కొట్టాడు. "అత్తా, మగ్గం పడుగు వీధిలో పరిచినారా?"

"నూలుకు గంజి పెట్టినాం గదప్పా. ఎండ ముదురుతాంది, సుడతాండాం."

"సుట్టొద్దు! దారికి అడ్డంగా అట్లే ఉండనీ. బండి వస్తాది."

"బండా! నెల కూడు నాయనా అది. తొక్కితే?"

"తోలేది రంగన్న."

"అయితే ఉండనీలే."

తలుపు విరగ్గొట్టుకుని, మిద్దెల మీదుగా ఉరికాడు. వీధిలో కర్రల మీద నడుమెత్తున సాగిన పడుగు, వేల పోగులు. దాని ముందు కీచుమని ఆగింది వ్యాను.

"తొక్కించు!" ప్రమీలారాణి పిస్తోలు రంగన్న కణతకు ఆనింది.

రంగన్న బ్రేకు మీంచి కాలు తీయలేదు. కళ్లల్లో నీళ్లు. "పడుగు మీదికి బండి ఎక్కీను మేడమ్. సచ్చినా ఎక్కీను."

ఆమె వేలు బిగిసింది.

ఓబులేష్ మిద్దె మీంచి దూకాడు. నేరుగా పడుగులో పడ్డాడు. పటపటమని పోగులు తెగాయి. ఆ తెగిన పోగుల్లోంచే లేచి, కిటికీలోంచి ఆమె మణికట్టు పైకెత్తాడు. గుండు వ్యాను కప్పు చీల్చుకుని పోయింది. మరుక్షణం వీధిలోని ఆడవాళ్లంతా ఎర్రచీరను కమ్ముకున్నారు.

ఓడ పైకప్పు ఊడదీశారు. మత్తుమందు ఇచ్చి పడుకోబెట్టిన ఉమామహేశ్వర కళ్లు తెరిచి, మంచినీళ్లడిగాడు. ఓబులేష్ వెంటనే శివలీలకు ఫోన్ కలిపి, ఆయన చెవికి పెట్టాడు. అవతల ఏడుపు విని తనూ ముఖం తుడుచుకున్నాడు.

కాసేపటికి చీఫ్ లైన్లోకొచ్చాడు. "శభాష్ ఓబులేష్! వెంటనే కర్నూలుకు రా. ఢిల్లీవాళ్లు మాట్లాడాలంట."

"రాలేను సార్. రంగన్న తొక్కనిది నేను తొక్కినానని మా అత్త పట్టుకునింది. తెగిన పోగులన్నీ అతికితేనే లేయనిస్తాదంట," అన్నాడు ఓబులేష్, గంజి చేతులతో ఫోన్ పట్టుకుని. "ఢిల్లీవాళ్లకు ముడెయ్యడం వస్తే ఇద్దరిని పంపండి సార్."