ఎదురుకాళ్ల బిడ్డ

శుక్రవారం పొద్దున. భివండిలో సాంచాలకు, అంటే మరమగ్గాలకు, సెలవు. మగ్గాల చప్పుడు లేక కామత్‌ఘర్ గల్లీ అంతా ఆలస్యంగా నిద్ర లేస్తోంది. విఠల్ మాత్రం అప్పటికే తన ఒంటిగది ఖోలీ మధ్యలో చాప పరుచుకుని, చొక్కా విప్పి బోర్లా పడుకున్నాడు.

"సోనాలీ, జర కాలు పెట్టు బిడ్డా," అన్నాడు, చాయ్ అడిగినంత మామూలుగా.

సోనాలి ఎదురుకాళ్లతో పుట్టింది. అలా కాళ్లు ముందు బయటపడిన బిడ్డ పాదం తగిలితే పట్టేసిన నడుము విడుస్తుందని కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఈ జనం నమ్మకం. ఆమె నడక నేర్చిన దగ్గర్నుంచీ గల్లీలో ఎవరి నడుము పట్టినా విఠల్‌కు కబురొచ్చేది. కూతుర్ని భుజాన ఎక్కించుకుని ఇల్లిల్లూ తిప్పేవాడు. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేవాడు కాదు. "నా బిడ్డ కాలు" అని మీసం దువ్వుకోవడమే అతని సంబరం. ఇప్పుడా పిల్ల పెద్ద చదువు చదివి దగ్గరి ఠాణే పట్నంలో ఓ ఆసుపత్రిలో కొత్తగా చేరింది. ఫిజియోథెరపీ అన్న ఆ చదువు పేరుకు విఠల్ నోరు తిరగదు. కాలి సంగతి మాత్రం అతనికి బాగా తెలుసు.

నెల కిందట కార్ఖానాలో నూలు చుట్టిన బరువైన బీము ఎత్తుతుంటే తోటివాడి చెయ్యి జారింది. వదిలేస్తే వాడి కాళ్ల మీద పడుతుందని బరువంతా విఠల్ తన మీదే ఆపుకున్నాడు. ఆ పూట మొనగాడనిపించుకున్నాడు. మర్నాటి నుంచి నడుములో పుట్టిన నొప్పి పిర్ర మీదుగా పిక్క దాకా జివ్వున లాగడం మొదలుపెట్టింది. నాలుగు సాంచాల మధ్య పూటంతా నిలబడాల్సిన మనిషి. నిలబడలేకపోతే ఆ సాంచాలు ఇంకొకడి చేతికి పోతాయి. అదే అతని బెంగ.

"నేను కాలు పెట్ట బాపు," అంది సోనాలి. "ఇది నడుము పట్టుడు కాదు. దెబ్బకు నరం ఒత్తుకపోయింది. సయాటికా అంటరు. తొక్కితే ఇంకా ఖరాబైతది. డాక్టర్‌కు చూపెడ్దాం. కసరత్తు నేను చేపిస్త."

"గల్లీలున్నోళ్ల నడుములన్నీ తొక్కినవు. కన్నతండ్రి దగ్గరికొచ్చేసరికి చదువు అడ్డమొచ్చిందా?"

"చదువుకున్న గనుకనే వద్దంటున్న."

తల్లి యమునాబాయి రొట్టెల పిండి చేత్తోనే లేచొచ్చింది. "ఏందయ్యా గట్ల మాట్లాడుతవు? పిల్ల చెప్పేది జర ఇను."

"ఏం ఇనాలె? నీ బిడ్డ ఇప్పుడు మేడమ్ అయింది. మా నడుములు ఆమె కాలికి ఆన్తయా?"

సోనాలి ముఖం చిన్నబోయింది కానీ కంట నీరు పెట్టలేదు. విఠల్ చొక్కా భుజాన వేసుకుని కుంటుకుంటూ బయటపడ్డాడు.

కాశేలి గోదాముల్లో హమాలీ చేసే పోశెట్టి కూడా ఎదురుకాళ్లతో పుట్టినవాడే. బస్తాలు మోసి మోసి బండబారిన పాదం అతనిది. తన దగ్గరికొచ్చిన విఠల్ నడుము మీద ఒక్కసారే పెట్టాడు. విఠల్ కేకకు గోదాములో పనివాళ్లంతా పరుగెత్తుకొచ్చారు. మధ్యాహ్నానికి ఇద్దరు పట్టుకుని అతణ్ని ఆటోలోంచి ఇంటి ముందు దింపారు. పాదం మొద్దుబారి, నేల మీద ఆనిందో లేదో తెలియడం లేదు.

సోనాలి ఒక్క మాట దెప్పలేదు. దెప్పినా బాగుండేదనిపించింది విఠల్‌కు. ఆమె తన మోకాళ్ల కింద దిండు పెడుతుంటే అతనే నోరు విప్పాడు.

"వానిది మొద్దు కాలు. నువ్వు పెడితే గిట్ల కాకపోవు."

ఆమె చెయ్యి ఆగింది. "నీకు తెల్వదు బాపు. చిన్నప్పుడు నువ్వు నన్ను భుజం మీదికెళ్లి దించి తొక్కమంటుంటివి. కింద మనిషి మూలిగితే నాకు పానం దడదడలాడేది. మన గల్లీ రామవ్వ యాదికున్నదా? నేను తొక్కినంక మళ్ల రాలే. తగ్గిందో, నేనే ఇంకింత చెడగొట్టిన్నో ఇయాల్టికీ తెల్వదు. గది తెలుసుకుందామనే గీ చదువు చదివిన."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలే?"

"నువ్వు గంత సంబురంగ అందరికి చెప్పుకుంటుంటివి. అది చూసి చెప్పబుద్ధి కాలే."

విఠల్ ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. భుజం మీద కూర్చున్న ఆ చిన్న పిల్ల తన జుట్టు గట్టిగా పట్టుకునేది. ముద్దుకు పట్టుకుందనుకున్నాడు ఇన్నేళ్లూ. కళ్లు తుడుచుకుని, "ఏ దవాఖానకు పోదాం బిడ్డా?" అన్నాడు.

డాక్టరు నడుము ఫొటో తీయించి చూశాడు. ఆపరేషన్ మాట అప్పుడే వద్దు, కసరత్తుతో చూద్దామన్నాడు. రోజూ డ్యూటీకి పోయే ముందు సోనాలి చాప వేసేది. బోర్లా పడుకుని మోచేతుల మీద ఛాతీ లేపాలి. ఊపిరి బిగపట్టకూడదు. ఆ తర్వాత గల్లీలో మెల్లగా నడక. ఎవరైనా చూస్తే నవ్వుతారని మొదట్లో విఠల్ తలుపేసుకుని చేసేవాడు. కొన్ని వారాలకు పాదంలో స్పర్శ తిరిగొచ్చి, పిక్కలో లాగడం పోయి నడుములో నొప్పి ఎక్కువైంది. హడలిపోయాడు.

"నొప్పి మీదికెక్కుతున్నదేంది బిడ్డా?"

"మంచిదే బాపు. కాలు ఇడిచిపెట్టి, పుట్టిన జాగకే వాపస్ పోతున్నది. ఆడనే సల్లబడ్తది."

వెనకటి విఠల్ అయితే మళ్లీ ఏ పోశెట్టినో వెతికేవాడు. ఈసారి బోర్లా తిరిగి మోచేతులు ఆనించాడు. ఆమె చెప్పినట్టే నొప్పి నడుములోనే సన్నగిల్లింది.

మరో శుక్రవారం పొద్దున ఖోలీ తలుపు బార్లా తెరిచే ఉంది. పక్కింటి ఓదెమ్మ నడుం పట్టుకుని గడప దగ్గర నిలబడింది.

"సోనాలీ, జర కాలు పెట్టు బిడ్డా. వంగొస్తలేదు."

సోనాలి నోరు తెరిచేలోపు చాప మీద నుంచి విఠల్ తల తిప్పాడు.

"కాలు బంద్ అయింది ఓదెమ్మా. ఆ కాలు దేవుడిచ్చిండు, దాంట్ల మా గొప్పేం లేదు. గీ చేతుల పని నా బిడ్డ చదివి సంపాయించుకున్నది. దీన్ని ఫిజియోథెరపీ అంటరు." ఒక్క అక్షరం తడబడలేదు. యమునాబాయి పని ఆపి మొగుడి వంక వింతగా చూసింది. ఎన్ని రోజులుగా ఆ మాట నోట్లో నలుపుకున్నాడో.

"రేపటికెళ్లి సాంచాల మీదికి పోతున్న," అన్నాడు మళ్లీ. "ఇగ బీము నలుగురు పట్టాలెనని పని చేపిచ్చే ముకాదంకు చెప్పిన. నువ్వు ఆడనే నిలబడ్డవేంది? లోపలికి రా. నీకేం నొప్పో ముందుగాల మా మేడమ్‌కు చెప్పు."

ఆ రోజు మేడమ్ అని ఎత్తిపొడుపుగా అన్నప్పుడు రాని నీళ్లు ఇప్పుడు సోనాలి కళ్లలో గిర్రున తిరిగాయి. చున్నీతో ఒత్తుకుని తండ్రి వీపు మీద చెయ్యి వేసింది.

"ఊపిరి బిగపట్టకు బాపు," అంది.