మైసెల్ఫ్ త్రివేణి

"మైసెల్ఫ్ త్రివేణి, సార్."

బోర్డు మీద రాస్తున్న డీకే సర్ మార్కర్ ఆపి వెనక్కి తిరిగాడు.

"మైసెల్ఫ్ ఏమిటండీ, మైసెల్ఫ్? అయామ్ త్రివేణి అనాలి. అసలు ఎక్కడ చదివారు మీరు?"

క్లాసులో ఉన్న తొంభై మందీ నవ్వారు. వాళ్లలో సగం మంది తమ వంతు వస్తే 'మైసెల్ఫ్' అనే చెబుదామని సిద్ధంగా ఉన్నవాళ్లే. ముందే గండం గడిచినందుకు ఇంకాస్త గట్టిగా నవ్వారు.

త్రివేణి కూర్చోలేదు.

"ఆలేరు సర్కారు బడిల చదివిన సార్. గని టెట్ పరీక్షల నా పేరు అడగరు. నాలుగు ఆప్షన్లిచ్చి ఒక్కటి దిద్దుమంటరు. అది ఎట్ల దిద్దాల్నో జెప్తరని వచ్చిన. నవ్వించుకునేటందుకు గాదు."

నవ్వులు ఆగిపోయాయి. డీకే సర్ గొంతు సవరించుకుని, "సిట్ డౌన్ ప్లీజ్" అన్నాడు. ఆ మూడు ముక్కల్లో మాత్రం తప్పు లేదు.

ఇది 2011 ఆగస్టులో మాట. ఉప్పల్ చౌరస్తాలో చెప్పుల షాపు మీద రెండో అంతస్తులో ఉండేది ఆ కోచింగ్ సెంటర్. టెట్ గట్టెక్కితేనే డీఎస్సీ రాయాలి, డీఎస్సీ వస్తేనే సర్కారు బడిలో టీచరు కొలువు. అంచేత ఆ మెట్ల మీద ఉదయం ఆరింటికే చెప్పులు గుట్టలు పడేవి. కింద షాపువాడి దగ్గర కూడా అన్ని ఉండేవి కావు.

త్రివేణికి ఇరవై నాలుగేళ్లు. తండ్రి పోశయ్య నాచారంలో నూలు మిల్లు కార్మికుడు. ఆమె డీఎడ్ చేసి, చిల్కానగర్‌లో ఒక చిన్న ప్రైవేటు బడిలో మూడో తరగతికి పాఠాలు చెప్పేది. జూలైలో జరిగిన మొదటి టెట్‌లో ఆమెకు కావలసినవి డెబ్భై ఐదు మార్కులు, వచ్చినవి డెబ్భై మూడు. ఇంగ్లిష్‌లో ముప్పైకి ఏడు. మిగతా నాలుగు సబ్జెక్టుల్లో కూడబెట్టుకున్నదంతా ఆ ఒక్కటీ మింగేసింది.

"జనవరిల మల్ల పెడ్తరట గదా. గదీ తప్పితే మీ మేనత్త తెచ్చిన సంబంధం జూద్దాం" అంది తల్లి సత్తమ్మ. ఆ సంబంధం పిల్లవాడు పెళ్లయ్యాక ఉద్యోగం వద్దన్నాడు. ఇంగ్లిష్ రాకపోతే ఏమవుతుందో త్రివేణికి అంతకంటే వివరంగా ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇక డీకే సర్. ఇరవై ఎనిమిదేళ్లు, ఇస్త్రీ నలగని చొక్కా. 'విజయవాడ కాన్వెంట్ ఎడ్యుకేటెడ్ ఫ్యాకల్టీ' అని డైరెక్టర్ ఉమామహేశ్వర్ పాంప్లెట్ల మీద వేయించాడు. ప్రతి మాటకీ చివర ఒక 'అండీ', రెండు మాటలకొక 'యు సీ'. అమ్మాయిలు ఆయన తెలుగుకే ముచ్చటపడేవాళ్లు. పక్కన కూర్చునే పద్మశ్రీ అయితే ఆయన 'ఏమండీ' అంటే నోట్సు రాసుకోవడం మరిచిపోయేది.

"ఏం జూసి పడిపోతున్నవే? సినిమాల డబ్బింగ్ లెక్క మాట్లాడ్తడు" అనేది త్రివేణి.

*

సెప్టెంబర్ మొదటి వారంలో ఒక సాయంత్రం వాన దంచి కొట్టింది. ఉప్పల్ బస్టాపు రేకుల కింద ఇరవై మంది ఇరుక్కున్నారు. త్రివేణి ముందు నిలబడ్డ మనిషి చెవికి ఫోన్ ఆనించి, వాన చప్పుడుకి గొంతు పెంచి మాట్లాడుతున్నాడు.

"అమ్మా, గోలీలు ఏసుకున్నవా? ఎందుకేసుకోలే? గట్ల జేస్తె ఎట్లనే? నా ఫికర్ జెయ్యకు, మస్తు తింటున్న. జర పైలం, జాగర్తగుండు."

ఇస్త్రీ నలగని చొక్కా. త్రివేణి తల పక్కకు వంచి ముఖం చూసింది.

"సార్, 'పైలం'ని ఇంగ్లిష్‌ల ఏమంటరు?"

డీకే సర్ చేతిలోంచి ఫోన్ జారబోయింది. "ఏ... ఏమన్నారండీ?"

"ఏమనలే అండీ. విజయవాడల మంచిగ వానలు వడ్తున్నయా అండీ?"

రెండు బస్సులు వచ్చి పోయాయి. ఇద్దరూ ఎక్కలేదు.

"మాది మోత్కూరు" అన్నాడు చివరికి. "నా పేరు దయాకర్. తెలుగు మీడియమే."

"మోత్కూరా! మా ఆలేరుకు గింత దూరం." ఆమెకు నవ్వు రాలేదు, కోపం వచ్చింది. "మోత్కూరోళ్లై ఉండి ఆలేరు పిల్లను నిలవెట్టి, ఎక్కడ చదివిన్రు అని అడిగిన్రా సార్? మీ కాన్వెంట్ల గదే నేర్పిన్రా?"

"డైరెక్టర్ సారే యాస మార్చుమన్నడు. గీ యాసతోని ఇంగ్లిష్ జెప్తే ఎవ్వరు నమ్మరన్నడు. నాకు కొలువు గావాలె."

"మరి ఇంగ్లిష్ ఎట్లొచ్చింది?"

వాన కాస్త తెరిపిచ్చింది. దయాకర్ చెప్పాడు. డిగ్రీ చదివేటప్పుడు సైనిక్‌పురిలో కొరియర్లు పంచేవాడు. అక్కడొక రిటైర్డ్ మేజర్ గారు కవరు తీసుకుని సంతకం పెట్టేవాడు కాదు. "ముందు ఈ పేపర్లో ఒక పేరా చదువు" అనేవాడు. తప్పు చదివితే మళ్లీ చదివించేవాడు. మొదటి నెలంతా దయాకర్ ఆ గేటు ముందు చెమటలు కక్కాడు. ఏడాది తిరిగేసరికి కొరియర్ లేని రోజు కూడా అటు వెళ్లడం మొదలుపెట్టాడు.

"ఆయన ఒక్కనాడన్న నవ్విండా?" అని అడిగింది త్రివేణి.

దయాకర్ తల దించుకున్నాడు. "నవ్వలే."

"ఎవ్వరికీ జెప్పను గని, నాకు ఇంగ్లిష్ మన మాటల జెప్పున్రి. మీరు మోత్కూరు నుంచి విజయవాడ పోయి, ఆడ్నించి లండన్ పోతున్రు. నాకు గంత తిరుగుడు వద్దు. సీదా బస్సు గావాలె."

*

సీదా బస్సు దొరికింది కానీ, అసలు బస్సులే ఆగిపోయాయి. సెప్టెంబర్‌లో సకల జనుల సమ్మె మొదలైంది. త్రివేణి నాచారం నుంచి నడిచి వచ్చేది. మూడో రోజు హబ్సిగూడ చౌరస్తాలో దయాకర్ కనబడ్డాడు.

"ఇటెందుకొచ్చిన్రు సార్?"

"వాకింగ్‌కు."

"బూట్లేసుకోని, టై గట్టుకోనా?"

ఆయన టై విప్పి జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి హబ్సిగూడ నుంచి ఉప్పల్ దాకా నడకే క్లాసు అయింది. వంతెన కింద కుక్క పడుకుంటే 'అండర్'. గోడ మీద పిల్లి కూర్చుంటే 'ఆన్'. సమ్మె ఊరేగింపు ఎదురైతే, పక్కకు ఒదిగి నిలబడి 'త్రూ'కీ 'అక్రాస్'కీ తేడా చెప్పేవాడు.

"క్వశ్చన్ ట్యాగ్ అంటే ఏం లేదు. మనం 'గదా' అంటం జూడు, గదే. వానొస్తున్నది గదా? ఇట్ ఈజ్ రైనింగ్, ఈజ్‌న్ట్ ఇట్?"

"గింతేనా? గీ ముక్కకు క్లాసుల మూడు రోజులు బోర్డు నింపిన్రు!"

"డైరెక్టర్ సిలబస్ సాగదియ్యమన్నడు."

"షీ ఈజ్ క్లెవర్, ఈజ్‌న్ట్ షీ?" అంది ఆమె తనను తాను చూపించుకుంటూ.

"షీ ఈజ్ ప్రౌడ్, ఈజ్‌న్ట్ షీ?"

"ప్రౌడ్ అంటే?"

"పొగరు."

"అయితే రైటే" అని ముందుకు నడిచింది.

చినుకులు పడితే ఇద్దరికీ ఒక్క గొడుగే. గొడుగు ఆమెది కాబట్టి సగం తడిసేది ఆయనే. ఒకసారి ఆయన భుజం నుంచి నీళ్లు కారుతుంటే ఆమె గొడుగును నాలుగు వేళ్లంత అటు జరిపింది. ఆయన చూశాడు. "చెయ్యి నొస్తున్నది, అందుకే" అంది వెంటనే. ఆ రోజు 'బిట్వీన్' పాఠం సగంలోనే ఆగిపోయింది.

*

డిసెంబర్‌లో మాక్ టెస్ట్ పెట్టారు. ఇంగ్లిష్‌లో త్రివేణికి పంతొమ్మిది వచ్చాయి.

డైరెక్టర్ ఉమామహేశ్వర్ మార్కుల కాగితంతో క్లాసులోకి వచ్చాడు. వెంట కొత్త బ్యాచ్‌లో చేరడానికి వచ్చిన నలభై మంది ఉన్నారు.

"త్రివేణి ఎవరు? ఓ, మన మైసెల్ఫ్ మేడమా!" ముక్కుతో మాట్లాడుతూ ఆమె గొంతును అనుకరించాడు. "మైసెల్ఫ్‌కి పంతొమ్మిదా? ఎవరి పేపర్ చూశారమ్మా?"

"సొంతంగ రాసిన సార్."

"అయ్యో, సొంతంగనే! డీకే సర్, మీరు చెప్పండి. ఈ అమ్మాయికి ఇంగ్లిష్‌లో పంతొమ్మిది సాధ్యమేనా?"

త్రివేణి దయాకర్ వైపు చూసింది. రెండు నెలల నడక అంతా ఆయనకు తెలుసు. ఆయన నోరు తెరవగానే ఈ నవ్వు ముఖాలన్నీ ఏమవుతాయో చూడాలనుకుంది.

దయాకర్ డైరెక్టర్‌ను చూశాడు, కొత్త బ్యాచ్‌ను చూశాడు. ఒక సన్నని నవ్వు నవ్వాడు.

"లక్కీ గెస్సెస్ అయ్యుంటాయండీ."

క్లాసంతా ఘొల్లుమంది.

త్రివేణి పుస్తకాలు సర్దుకుంది. తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. విజయవాడ గుట్టు ఆమె నాలుక చివరే ఉంది. బయటపెడితే ఆయన కొలువు ఆ పూటే పోయేది. ఆయన కూడా అదే భయంతో చూస్తున్నాడు. ఆమె ఆ ముఖాన్ని పైనుంచి కిందికి ఒకసారి చూసి, ఉమ్మేయడానికి కూడా పనికిరాడనుకుని, మెట్లు దిగిపోయింది.

ఆ తర్వాత వచ్చిన ఫోన్లు ఆమె ఎత్తలేదు. హబ్సిగూడ వైపు వెళ్లలేదు. నాచారం గదిలో కిరసనాయిల్ స్టవ్ పక్కన కూర్చుని, పాత ప్రశ్నపత్రాలు ఒక్కొక్కటీ మూడుసార్లు రాసింది. అర్థం కానిచోట ఆయన చెప్పిన మాటే గుర్తొచ్చేది. అది గుర్తొచ్చినందుకు ఇంకా మండేది.

పరీక్ష రేపనగా పద్మశ్రీ పరుగెత్తుకొచ్చింది.

"నీకు ఎర్కేనా? డీకే సర్ కొలువు పోయింది."

"మంచిగైంది."

"ఇనవే! మొన్న డెమో క్లాసు. రెండొందల మంది కూసున్నరు, డైరెక్టర్ ముందు వరుసల ఉన్నడు. సార్ మైకు తీసుకోని, 'నా పేరు దయాకర్, మాది మోత్కూరు, నేను విజయవాడ మొఖం గూడ సూడలే' అన్నడు. 'పోయిన నెల గీడ ఒక పిల్ల కష్టపడి పంతొమ్మిది తెచ్చుకున్నది. అవి లక్కు గాదు. నాకు కొలువు భయం వట్టి అబద్ధం జెప్పిన' అన్నడు. డైరెక్టర్ మైకు గుంజుకున్నడు తెల్సా!"

త్రివేణి పెన్సిల్ చెక్కుతూనే ఉంది. "నేను లేనప్పుడు జెప్పిండు. నవ్వింది మాత్రం నా ముందట" అంది. పెన్సిల్ ములుకు విరిగిపోయింది.

*

ఫలితాలొచ్చాయి. మొత్తం తొంభై ఎనిమిది. ఇంగ్లిష్‌లో ఇరవై ఒకటి.

ఆ ఆదివారం పొద్దున పోశయ్య ఇంటి ముందు దయాకర్ నిలబడ్డాడు. చొక్కా నలిగి ఉంది.

"ఎవలు గావాలె బిడ్డా?" అన్నాడు పోశయ్య.

"త్రివేణికి ఇంగ్లిష్ జెప్పినోన్ని బాపు. మాఫీ అడుగుదామని వచ్చిన."

"లోపటికి రా" అంటూ పోశయ్య కుర్చీ చూపించాడు. త్రివేణి వంటగది గడప మీద నిలబడి చేతులు కట్టుకుంది.

"మీ అమ్మాయి సొంతంగ చదివి మార్కులు తెచ్చుకుంటే, నేను నలుగుట్ల నవ్విన బాపు. నా పేరు, నా ఊరు దాచుకోని బతికిన. ఆమె నా గుట్టు తెల్సి గూడ ఎవ్వరికి జెప్పలే. నేను మాత్రం ఆమెను అమ్ముకున్న."

"కొలువు పోయిందట గదా, గందుకొచ్చినవా?" అంది త్రివేణి. మొదటిసారి 'నువ్వు' అంది. మర్యాద తగ్గించడానికే అన్నాననుకుంది.

"చిల్కానగర్‌ల చిన్న రూము తీసుకున్న. పదకొండు మంది వస్తున్రు. మన యాసలనే జెప్తున్న. మంచిగనే నడుస్తది. గందుకు రాలే."

"మరెందుకు?"

దయాకర్ పోశయ్యను చూశాడు, సత్తమ్మను చూశాడు, నేలను చూశాడు. "హబ్సిగూడ దాకా ఇంకా నడుస్తున్న. పొద్దుగాల ఒక్కన్నే. ఎవ్వరు తిడ్తలేరు. మనసున వడ్తలేదు."

సత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పోశయ్యకు మాత్రం ఇంకా ఏమీ అర్థం కాలేదు.

త్రివేణి గడప దిగి ఎదురుగా వచ్చి నిలబడింది.

"నువ్వు నవ్వింది నేను మరువ."

"మరువద్దు."

"మాఫీ గూడ జెయ్య. రోజు గుర్తు జేస్త. బువ్వ పెట్టేటప్పుడు గుర్తు జేస్త, పిల్లలకు ఎక్కాలు జెప్పేటప్పుడు గుర్తు జేస్త, ముసలైనంక గూడ గుర్తు జేస్త. ఒప్పుకుంటవా?"

"ఒప్పుకుంట, ఎన్ని సార్లన్న..." అంటూ దయాకర్ ఆగిపోయాడు. పిల్లలు, ముసలితనం ఒక్కొక్కటే తలకెక్కాయి.

"ఇంగ్లిష్ ఒక్క ఏడాదిల వచ్చిందట గని, తెలుగు సమజయ్యేటందుకు గింత సేపా!" అంది త్రివేణి. చెవుల దాకా ఎర్రబడి, విసురుగా వంటగదిలోకి వెళ్లిపోయింది.

"ఏమంటున్నదే పిల్ల?" అని అడిగాడు పోశయ్య.

సత్తమ్మ ఇంకొక పళ్లెం కడిగి దయాకర్ ముందు పెట్టింది.